కాసిం రజ్వీయు, ‘ఇమ్రోజ్’ పత్రికయు

‘రజాకారు’ అను మాట మన ప్రాంతమున తిట్టుగా వాడుకలో నున్నది. మొరటుగా ప్రవర్తించువానిని చూచి ‘వీడు రజాకారురా’ అనుట వినుచునే యున్నాము. కాని యా పదమునకు అసలు అర్థము వేరు. అరబ్బీ, పారసీక శబ్దముల కలయికవలన పుట్టిన యా మాటకు తన ఇష్టముచేత సేవ చేయువాడని యర్థము. మనము స్వచ్ఛందసేవకుడందుము. అంత మంచి మాట యింత చెడ్డదగుటకు రెండేండ్ల కాలము చాలినది. ఆ మార్పునకు ముఖ్యకారకుడైన కాసిం రజ్వీని గూర్చియు, అతని నెదిరించి జనులు చేసిన పనులను గూర్చియు, అతని విషయమున పత్రికలు వ్రాసిన వ్రాతలను గూర్చియు నేడు ముచ్చటింతును. సిర్గాపూరు, నారాయణఖేడు ప్రాంతముల పెద్దలకు ఈ కథలో చాల భాగము తెలిసినదే. అయితే మనము చెప్పుకొనునప్పుడు దీనిలో ఒక పాత్ర తరచుగా జారిపోవుచున్నది. ఆ పాత్ర కొరకే ఈ ప్రసంగము.

ముందుగా ఆనాటి మన స్థితి జ్ఞాపకము చేసికొందము. నారాయణఖేడు తాలూకా నిజాము రాజ్యమున బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఇంట తెలుగు, సంతలో కన్నడము, మరాఠీ, కచేరీలో ఉర్దూ - ఇది మన తాతల దినచర్య. పటేలు పట్వారీలకు దస్త్రము ఉర్దూలో, వకీళ్ళకు వాదము ఉర్దూలో. కనుక నాడు ఉర్దూ పత్రిక యనగా ముస్లిములు మాత్రమే చదువుకొను పత్రిక యని తలంపరాదు. లోకవార్త తెలిసికొనగోరిన హిందువులలోను పెక్కుమంది ఉర్దూ పత్రికనే చదివెడివారు. ఈ సంగతి మనసులో నుంచుకొనినగాని తరువాతి కథకు గల బలము తెలియదు.

సభ జరుపుటయు నాడు సులభము కాదు. గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ యొకటి యుండెను. దాని ప్రకారము ముందుగా సర్కారు అనుమతి లేక బహిరంగసభ జరుపరాదు. 1930లో మనకు సమీపముననే, జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినపుడును ఈ ప్రతిబంధకమును దాటవలసియే వచ్చెను. ఆ ప్రతాపరెడ్డిగారే 1926 నుండి ‘గోలకొండ పత్రిక’ను నడుపుచుండిరి. మందుముల నరసింగరావుగారు ఉర్దూలో ‘రయ్యత్’ నడిపిరి. ‘మీజాన్’ అను పత్రిక యొకటి మూడు భాషలలో వెలువడెడిది. తెలుగు మీజానునకు అడివి బాపిరాజుగారు సంపాదకులు. ఇంగ్లీషు మీజాన్ నిజామును, ఉర్దూ మీజాన్ ఇత్తెహాదును, తెలుగు మీజాన్ ఆంధ్రమహాసభను సమర్థించెడివని జనులు నవ్వుకొనెడివారు. ఒకే యజమాని, ఒకే అచ్చుకూటము, మూడు నోళ్ళు! ఆ కాలపు హైదరాబాదునకు అంతకంటె సరియైన చిత్రము నాకు దొరకలేదు.

ఇక ఇత్తెహాదుల్ ముసల్మీన్ సంగతి. ఈ సంస్థ 1927లో పుట్టినది. దీనికి ప్రాణము పోసినవాడు బహదూర్ యార్ జంగ్, మహావక్త. అతడు 1944 జూన్ 25వ తేదీన మరణించెను. కొలది కాలములో, 1946లో, ఆ పీఠము లాతూరు వకీలైన కాసిం రజ్వీ చేత చిక్కినది. ఇతడు అలీగఢులో చదివినవాడు, బక్కపలుచని మనిషి, కాని మాట నిప్పు.

అతని వెంట జనులేల నడచిరని యడుగవలసి యున్నది. రాజ్యమున ముస్లిములు నూటికి పండ్రెండు పదుముగ్గురు మాత్రమే. ప్రజాప్రభుత్వము వచ్చినచో తమ గతి యేమగునో యను భయము వారిలో సహజముగ నుండెను. 1947లో దేశవిభజనము నాటి ఘోరములు వినవచ్చి, పొరుగు రాష్ట్రములనుండి శరణార్థులు వచ్చి చేరగా ఆ భయము ఇనుమడించెను. ప్రతి ముస్లిమును ఈ రాజ్యమున పాలకుడే యను సిద్ధాంతము ఇత్తెహాదులో అంతకుముందే పాతుకొని యుండెను. దానిని రజ్వీ వీథివీథిని చాటెను. జట్కా తోలువాడు, కచేరి జవాను, మగ్గము నేయువాడు, చేతిలో కాసు లేనివాడు, తానును రాజే యని విని పొంగకుండునా? భయమును గర్వముగా మార్చి యిచ్చుటయే రజ్వీ విద్య. అతనికి తిండిపెట్టు పథకమొక్కటియు లేకుండెను.

జనులు గుమిగూడి నిరసించుట యనగానే మనము సత్యాగ్రహమును తలంతుము. ఆ యాయుధమును రజ్వీయు ప్రయోగించెను. 1947 అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున అతని యనుచరులు వేలకొలది చేరి, ప్రధానియైన ఛత్తారీ నవాబు, సలహాదారుడైన వాల్టరు మాంక్టన్, సుల్తాన్ అహ్మదు - ఈ ముగ్గురి ఇండ్లను చుట్టుముట్టిరి. భారత ప్రభుత్వముతో ఒడంబడికకై ఢిల్లీకి బయలుదేరవలసిన రాయబారులు వీరు. వీరిని కదలనీయలేదు. రాజ్యమునకు ప్రభువైన నిజాము ఆ మూకను మందలింపలేకపోయెను. ఛత్తారీ రాజీనామా యిచ్చి వెడలిపోయెను. మీర్ లాయక్ అలీ ప్రధాని యయ్యెను. విచిత్రమేమనగా, నవంబరు 29న నిజాము సంతకము చేసిన యథాతథపు ఒడంబడిక, అంతకుముందు రజ్వీ అడ్డుకొనిన దానికంటె చెప్పుకోదగినంత భిన్నమైనది కాదు. ఆ అల్లరివలన మారినది కాగితము కాదు, పెత్తనము.

ఎదుటి పక్షమున, స్వామి రామానందతీర్థులు నాయకులుగా స్టేట్ కాంగ్రెసు 1947 ఆగస్టు 7వ తేదీని ‘భారతమున చేరుడు’ దినముగా ప్రకటించెను. జెండాలెగరెను, జైళ్ళు నిండెను. విద్యార్థులు బడులు విడిచిరి, వకీళ్ళలో పలువురు కోర్టులు విడిచిరి. గ్రామములలో కల్లునకై పెంచిన తాటిచెట్లను నరికి సర్కారు ఆబ్కారీ రాబడిని దెబ్బతీసిరి. సరిహద్దున కరోడ్‌గిరీ నాకాలను తగులబెట్టిరి. నల్లగొండ, వరంగల్లు దిక్కున కమ్యూనిస్టుల నాయకత్వమున రైతులు ఆయుధములు పట్టిరి. రజాకార్లు దీనికి బదులుగా గ్రామములమీద పడిరి. మన బీదరు జిల్లాలోనే గోర్టా గ్రామమున 1948 మేలో జరిగిన హత్యాకాండను ఇప్పటికిని అచటివారు మరువలేదు. ఎందరో కుటుంబములతో సరిహద్దులు దాటి సోలాపురము మొదలగు చోట్ల తలదాచుకొనిరి.

రాజ్యము వెలుపలి పత్రికలకు రజ్వీ మంచి సరకైనాడు. ఢిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ పతాకము నెగురవేయుదుమనియు, బంగాళాఖాతపు అలలు నిజాము పాదములు కడుగుననియు అతడు పలికెనని 1948 వసంతకాలమున వార్తలు వచ్చెను. దేశమంతయు అట్టుడికినట్లుడికెను. అట్టి ప్రసంగము జరుగనే లేదని హైదరాబాదు ప్రభుత్వము ఖండించెను గాని, ఆ ఖండనమును నమ్మినవారు లేరు. ఇట నా అభిప్రాయమొకటి మనవి చేయుదును. ఆ పెద్దయక్షరముల శీర్షికలు రజ్వీకి హాని కంటె మేలే చేసినవి. ఒక్క లాతూరు వకీలు ఢిల్లీని గడగడలాడించుచున్నాడని చదివిన అతని యనుచరునకు అంతకంటె తృప్తి యేమి కావలెను? అతడు కోరినదే అది. తిట్టుటవలన రజ్వీ చిన్నవాడు కాలేదు.

అతనికి నిజముగా తగిలిన దెబ్బ మరియొక దిక్కునుండి వచ్చినది. షోయబుల్లాఖాన్ 1920లో పుట్టినవాడు, మన తెలంగాణపు బిడ్డ. ఉర్దూ పత్రికలలో పనిచేసి, ‘రయ్యత్’లో నరసింగరావుగారి వద్ద ఉపసంపాదకుడుగా నుండెను. సర్కారు ఆ పత్రికను మూయించగా, బూర్గుల రామకృష్ణారావు మొదలగువారి తోడ్పాటుతో 1947 నవంబరు 15వ తేదీన ‘ఇమ్రోజ్’ అను దినపత్రికను తానే స్థాపించెను. ఇమ్రోజ్ అనగా నేడు. అప్పటికి అతని వయసు ఇరువదియేడేండ్లు.

ఈ యువకుడు రజ్వీని దూషించుటకు పూనుకొనలేదు. అతడు లెక్క అడిగెను. 1948 జనవరిలో ‘పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము’ అను భావముగల శీర్షికతో సంపాదకీయము వ్రాసెను. పగలు కచేరీలలో అధికారులు కూర్చుందురు. రాత్రి గ్రామములలో రజాకార్లు శాసింతురు. మరి పన్ను కట్టు రైతు ఎవనికి ఫిర్యాదు చేయవలెను? ఇట్టి ప్రశ్నకు రజ్వీ కంఠమున జవాబు లేదు. పైగా ఇది హిందూ పత్రిక వ్రాసినదని త్రోసివేయుటకు వీలులేదు. మద్రాసు, బొంబాయి పత్రికల కుట్ర యనుటకును వీలులేదు. ముస్లిము సంపాదకుడు, ముస్లిములు చదువు భాషలో, రాజధాని నడిబొడ్డున అచ్చువేసి యడుగుచున్నాడు. అదే ఉర్దూను మన పటేలు పట్వారీలును చదువగలరు. రాత్రి ప్రభుత్వము ఎట్లుండునో వారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు.

షోయబుల్లా ఒంటరివాడు కాడు. నాందేడు ప్రాంతమున తహసీలుదారుగా నుండిన ఫరీద్ మీర్జా రజాకార్ల దుండగములను కన్నులార చూచి కొలువు విడిచిపెట్టెను. అతడును, మంజూర్ యార్ జంగ్, బాఖర్ అలీ మీర్జా మొదలగువారును కలిసి ఏడుగురు ముస్లిము ప్రముఖులు, రజాకార్లను రద్దుచేసి భారతదేశమున చేరుటయే రాజ్యమునకు క్షేమమని 1948 ఆగస్టులో ప్రకటన చేసిరి. ఇమ్రోజ్ దానిని ప్రచురించెను. రజ్వీ మండిపడెను. తమకు విరోధముగా లేచు చేతులు తెగిపడునను రీతిని అతడు సభలో బెదిరించెనని చెప్పుదురు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి పని ముగించుకొని షోయబుల్లా తన బావమరిది ఇస్మాయిల్‌ఖానుతో ఇంటికి నడచిపోవుచుండెను. కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర దుండగులు పైబడి తుపాకితో కాల్చి, కత్తులతో నరికిరి. వ్రాయు చేతిని నరికివేసిరి. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాను చేయియు తెగిపోయెను. తెల్లవారకమునుపే షోయబుల్లా ప్రాణము విడిచెను. ఇమ్రోజ్ ఆయుస్సు తొమ్మిది మాసములు.

ఆ తరువాత నాలుగు వారములైన గడువలేదు. సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించెను. సోలాపురము దిక్కునుండి బయలుదేరిన ముఖ్యదళము హుమ్నాబాదు, జహీరాబాదుల మీదుగా, అనగా మన ముంగిటి బాటనే, హైదరాబాదునకు సాగెను. 17వ తేదీన నిజాము తానే దక్కన్ రేడియో కేంద్రమునకు వెళ్ళి, కాల్పులు మానుటయు, రజాకార్లను నిషేధించుటయు ప్రకటించెను. అంతవరకు రజ్వీ పక్షపు ప్రచారముతో మారుమ్రోగిన యంత్రమే అతని దళమునకు ముగింపు చదివినది.

రజ్వీని పట్టి విచారించిరి. షోయబుల్లా హత్యాభియోగము పై న్యాయస్థానమున అతనిపై నిలువలేదు. బీబీనగరమున 1948 జనవరిలో జరిగిన దోపిడి కేసులో మాత్రము ఏడేండ్ల కారాగారశిక్ష స్థిరపడెను. 1957లో విడుదలై పాకిస్తానునకు పోయి, 1970లో కరాచీలో మరణించెను. అభిమానులను, శత్రువులను ఇచటనే వదలిపోయెను. కాని కథ అతనితో పోలేదు.

పెద్దలారా, చెప్పుటకు కష్టమైన భాగమునకు వచ్చితిని. సేనలు వచ్చిన పిమ్మట రజాకార్లలో ముఖ్యులు పారిపోయిరి, పారిపోలేనివారు మిగిలిరి. వారిలో రజ్వీ ముఖము నెరుగనివారు, రజాకార్లకు దూరముగా నుండినవారు వేలకొలది. ముస్లిమనగా రజాకారే యను మాట అప్పటికే నోళ్ళలో పడియుండెను. ఆ మాటయే వారి పాలిటి మృత్యువైనది. భారత ప్రభుత్వము పంపగా పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు 1948 నవంబరు, డిసెంబరు మాసములలో జిల్లాలు తిరిగి విచారించిరి. మరణించినవారు 27,000 మొదలు 40,000 వరకు నుందురని అంచనా వ్రాసిరి. ఎక్కువగా దెబ్బతినిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు, మన బీదరు. అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గములను వారు దాచలేదు. పొరుగున నున్న ముస్లిము కుటుంబములను తమ ప్రాణములకు తెగించి కాపాడిన హిందువులను గూర్చియు వ్రాసిరి. ఈ మూడును ఒకే నివేదికలో నున్నవి. మనము మాత్రము మనకు నచ్చిన పుటను చదివి తక్కినవి మడిచివేయుచున్నాము.

ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ పత్రికాసంపాదకుడు. హైదరాబాదున ‘పయామ్’ అను ఉర్దూ పత్రికను నడిపినవాడు. షోయబుల్లా రజ్వీని అడిగిన లెక్క వంటిదే ఇతడును అడిగెను, ఈమారు గెలిచిన పక్షమును. ఇతని చేయి ఎవరును నరుకలేదు. నివేదికను ప్రభుత్వము ప్రకటింపక దాచియుంచెను, అంతే. అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున జనులు చూచుటకు వీలుపడినది 2013 నాటికి. అప్పటికి బీదరు తాలూకాలలో ఆ దినములు కన్నవారిలో మిగిలినది బహుకొద్దిమంది. ఉర్దూలో పహాణీ చదువగలవారు మన గ్రామములలో ఒకరిద్దరు వృద్ధులైన ఉన్నచో, పిల్లలను వారి దగ్గర కూర్చుండబెట్టుడు. ఆ లిపిలో మన భూముల లెక్కలే కాక ఇమ్రోజ్ సంపాదకీయములును ఉన్నవి.