గ్యాంగు పోయిన రేడియో

ఇబ్రహీంపట్నం అనగానే అందరికీ గుర్తొచ్చేది పెద్ద చెరువు. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. నాకైతే దాంతోపాటు మా అత్తవారింటి వాల్వు రేడియో కూడా గుర్తొస్తుంది. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి రేడియో వినే రోజులవి. ఓ మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం విందామని కూర్చుంటే, బిరడా తిరుగుతోంది గాని ముల్లు కదలదు. వెనక అట్ట తీసి చూద్దును కదా, లోపల గ్యాంగు కండెన్సరు లేదు!

"నాలుగు రోజుల్లో పెట్టేస్తాను వదినా!" అన్నాడు మా మరిది. అతనికి అమెచ్యూర్ రేడియో పిచ్చి. పరీక్ష ప్యాసై, 'వీయూ'తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకున్నాడు. ఇక ట్రాన్స్‌మిటర్ కట్టడమే తరువాయి.

గ్యాంగు అంటే ఏమిటంటారా? రెండు చేతుల వేళ్ళూ ఒకదాని సందుల్లో ఒకటి, తగలకుండా దూర్చి చూడండి. అంతే. ఒక వరస అల్యూమినియం రేకులు కదలవు, రెండోది ఇరుసు మీద తిరుగుతుంది. ఎంత లోపలికి వెళితే అంత విద్యుత్తు నిలవ చేస్తుంది. విద్యుత్తును నిలవ చేయటం 1745-46 లోనే యూరపులో గాజుజాడీతో తెలిసింది, లైడెన్ జాడీ అంటారు. ఆ నిలవను పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే తిరుగుడు రేకులకు 1893లో పేటెంటు తీసుకున్నవాడు హంగేరీ ఇంజనీరు డెజో కోర్డా. తీగచుట్టతో కలిపి దీన్ని రేడియోవాళ్ళు 'ట్యాంకు' అంటారు. మా ఊరి చెరువునీ ఇంగ్లీషువాళ్ళు ట్యాంకే అన్నారు లెండి!

అతని యాంప్లిఫయర్‌లో 807 అనే వాల్వు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు విరివిగా వాడినది. దానికి 600 వోల్టులు కావాలి. తీగచుట్టకి అటొక కండెన్సరు, ఇటొక కండెన్సరు ఉండాలి. మా గ్యాంగును తీసుకెళ్ళి వాల్వు వైపు బిగించాడు మహానుభావుడు. మైకులో "హలో" అన్నాడో లేదో, రేకుల మధ్య చిటపటమని నీలం మెరుపులు! మాట గట్టిపడ్డ కొద్దీ మెరుపు ఎక్కువైంది. మా అత్తగారు దేవుడి గదిలోంచి పరిగెత్తుకొచ్చారు.

తప్పు ఎక్కడంటే, మా గ్యాంగు రేకుల సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. వినే రేడియోకి అది చాలు. మాట కలిపినప్పుడు వాల్వు దగ్గర వోల్టేజి సరఫరాకి నాలుగింతలు, అంటే 2400 దాకా పోవచ్చు. సాఫీగా ఉన్న రేకుల మధ్య మిల్లీమీటరు గాలి సుమారు 3000 వోల్టులు ఆపుతుందంటారు గాని, అంచులూ దుమ్మూ ఉన్నచోట ఆ లెక్క నమ్మకూడదు. అందుకే గురువారం జుమ్మేరాత్ బజారుకెళ్ళి, పాత ఇనపసామాను గుట్టల్లో వెతికి, రేకుల సందులో అగ్గిపుల్ల దూరే కండెన్సరు తెచ్చాడు. అగ్గిపుల్లే అతని కొలబద్ద! 40 మీటర్ల బ్యాండుకి అక్కడ కావలసింది 90 పికోఫారడ్లే. సందు అంత ఎడమైతే ఒక్కో సందుకి నాలుగైదు మించి రావు గనక, ఇరవై పైచిలుకు సందులు లెక్కపెట్టి మరీ కొన్నాడు.

ఏరియల్ వైపు సంగతి దీనికి తలకిందులు. అక్కడ 540 పికోఫారడ్ల దాకా కావాలి, వోల్టేజి మాత్రం అరవై డెబ్బై. దానికి మా గ్యాంగు రెండు వరసలూ కలిపితే బంగారంలా సరిపోయింది. అలా మా రేడియో ముల్లు శాశ్వతంగా ఆగిపోయింది. అత్తగారికి ట్రాన్సిస్టరు కొనిపెట్టాం. ఆవిడ మాత్రం ఆ గది గడప తొక్కలేదు. స్విచ్చి తీసినా సరఫరా కండెన్సర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచే ఉంటుందని అతనే చెప్పాడు మరి. పసిపిల్లలున్న ఇల్లు, ఎందుకొచ్చిన పిచ్చి అని నేనూ విసుక్కునేదాన్ని.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే ఆవిడ అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. టెలిఫోన్లు మూగబోతే ఆవిడ రేడియో మీదే క్షేమసమాచారాలు ఒడ్డుకి చేరాయి. వాల్వుల రోజులు అప్పటికి పోయాయి గాని, పిచ్చి మాత్రం అదే!

పేపరు చదివి మరిదికి ఫోను చేశాను.

"మీ గ్యాంగు నా దగ్గరే భద్రంగా ఉంది వదినా, పంపించమంటారా?" అన్నాడు.