శిలాఫలకం మీద లేని పేరు

కిందటి వేసవిలో మా కళాశాల విద్యార్థిని ఒకామె, బి.ఏ. రెండవ సంవత్సరం చరిత్ర చదువుతున్నది, నోటుపుస్తకం పట్టుకుని నా గదికి వచ్చింది. అందులో గళ్ళు గీసి ఒక పట్టిక రాసుకున్నది. విగ్రహం యెవరిది, యెక్కడ వున్నది, దేనితో చేసింది, యెప్పుడు ఆవిష్కరించారు, యెవరు ఆవిష్కరించారు, శిల్పి యెవరు - యివీ గళ్ళు. మా పట్టణంలోని విగ్రహాలన్నీ వరుసగా వున్నాయి. మొదటి నాలుగు గళ్ళూ చాలావరకు నిండాయి. ఆవిష్కర్త గడిలో ఒక్క ఖాళీ కూడా లేదు. ఆరవ గడి మాత్రం పైనుంచి కిందిదాకా తెల్లగా వున్నది. "యీ గడి కొట్టేయమంటారా, సార్? నింపడం నా వల్ల కావటం లేదు" అన్నది.

కొట్టేయవద్దన్నాను. ఆ తెల్లగడి గురించే యీ వ్యాసం.

ఆ అమ్మాయి చేస్తున్న పని యేమిటో ముందు చెప్పాలి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యెవరైనా రాయగల, యెవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం. దానికి బొమ్మల భాండాగారం లాంటిది వికీమీడియా కామన్స్. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, 1923లో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలు మాత్రమే తేగలిగారు. ఒక మహా పండితుడి ఆయుష్షు చాలని పనిని యివాళ వేలమంది తలా ఒక చెయ్యి వేసి చేస్తున్నారు. అందులో మా విద్యార్థిని వేసిన చెయ్యి, తన పట్టణంలో నడివీధిలో నిలబడి వున్న విగ్రహాలను ఫోటో తీసి, వివరాలు రాసి పెట్టడం.

మొదట ఫోటో తీయడానికే జంకింది. శిల్పం మీద శిల్పికి హక్కు వుంటుంది కదా, మనం తీసి అందరికీ పంచితే నేరం కాదా అని అడిగింది. 1957 నాటి మన కాపీరైటు చట్టం, 52వ సెక్షన్‌లో, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించవచ్చునని స్పష్టంగా చెప్పింది. యిందులో ఒక చోద్యం వున్నది. చట్టం శిల్పి హక్కును గుర్తించి, ఆ హక్కుకు మినహాయింపు కూడా రాసిపెట్టింది. కాని హక్కుదారుడు యెవరో ఆ విగ్రహం చెప్పదు.

చట్టం అభ్యంతరం పెట్టలేదుగాని వీధి పెట్టింది. ఆమె కెమెరా యెత్తిన ప్రతిచోటా నలుగురు చేరి "యే పార్టీ అమ్మా?" అని అడిగేవారట. బస్టాండు దగ్గర సోడాబండి పెట్టుకున్న ముసలాయన మాత్రం "రోడ్డు వెడల్పు చేస్తున్నారా? విగ్రహం తీసేస్తారా?" అని అడిగాడట. విగ్రహాల చరిత్రలో ఆయనే అసలు పండితుడని నాకనిపించింది. విగ్రహానికి ఫోటో తీయడమంటే దానికి యేదో మూడుతున్నదని ఆయన అనుభవం.

మా పట్టణం చిన్నది. విషయం బాగా తెలియాలంటే హైదరాబాదు ట్యాంకుబండ్ దగ్గరకు పోవాలి. 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన చెరువు కట్ట అది. దాని మీద 1986లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం 33 విగ్రహాలు నిలిపింది. నాలుగేళ్ళ క్రితం, 1982లో, తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో పుట్టిన పార్టీ అది. గెలిచిన పార్టీ తన నినాదాన్ని కంచులో పోసి వరుసగా నిలబెట్టింది. నన్నయ, తిక్కన, యెఱ్ఱన, వేమన, వీరేశలింగం, గురజాడ, శ్రీశ్రీ, జాషువ, మఖ్దూం వున్నారు. తానీషా వున్నాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వున్నాడు, గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వున్నాడు. స్త్రీలు యిద్దరే: రుద్రమ, మొల్ల. కొమురం భీం ఆ వరుసలో లేడు. దొడ్డి కొమరయ్య లేడు. చాకలి ఐలమ్మ లేదు. తెలంగాణ గడ్డ మీద, తెలంగాణ చెరువు కట్ట మీద, ఆ గడ్డ కోసం ప్రాణమిచ్చినవారికి చోటు చిక్కలేదు.

యీ లోపం యెవరికీ కనబడలేదనుకోకూడదు. పాతికేళ్ళ తరువాత, 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ జరిగిన రోజున, ఆ 33 విగ్రహాలలో సగం దాకా విరిగిపడ్డాయి. కొన్నిటిని చెరువులోకి తోశారు. విరిగినవాటిలో శ్రీశ్రీ కూడా వున్నాడు. ఆ రోజున మన అభ్యుదయ శిబిరం రెండుగా చీలింది. కవిని కూలదోయడం అనాగరికమన్నవారున్నారు. కూలింది కవి కాదు, పీఠమెక్కిన ప్రాంతీయ ఆధిపత్యం అన్నవారున్నారు. నాకు యిద్దరి మాటలోనూ సగం సగం నిజం కనిపిస్తుంది. ఒక మనిషి విగ్రహం నిలబెట్టడం ఆ మనిషి గురించి చెప్పేదానికంటే, నిలబెట్టిన చెయ్యి గురించి యెక్కువ చెబుతుంది. జనం పగలగొట్టింది ఆ చేతినే. కాని దెబ్బ తిన్నది శ్రీశ్రీ ముఖం.

తరువాత ప్రభుత్వం ఆ విగ్రహాలను మళ్ళీ చేయించి నిలిపింది. యిక్కడ మా విద్యార్థిని పట్టికకు చిక్కు వచ్చింది. వాటిని గురించి రాస్తే "యెప్పుడు" అన్న గడిలో 1986 వేయాలా, తరువాతి సంవత్సరం వేయాలా? రెండూ వేయమన్నాను. ఒకే పీఠం మీద రెండు విగ్రహాలు, మధ్యన ఒక ఉద్యమం. ఆ మధ్యకాలాన్ని రాయకుండా విగ్రహాన్ని రాయడమంటే మనిషిని వదిలి చొక్కాను వర్ణించినట్టే. యింతకూ, ఆ విగ్రహాలు మొదట పోత పోసినవారెవరు, మళ్ళీ పోసినవారెవరు? సాహిత్యం చదువుకున్న మనం యెంతమందిమి చెప్పగలం? నేను చెప్పలేకపోయాను.

అదే చెరువు మధ్యలో నిలిచిన బుద్ధుడి సంగతి వేరు. అక్కడ శిల్పి పేరు తెలుసు: గణపతి స్థపతి. రాయగిరి దగ్గర తెల్లరాతి కొండ నుంచి 1985లో పని మొదలుపెట్టి, వందలమంది కూలీలతో చెక్కించిన యేకశిల అది. తూకం మూడువందల టన్నులకు పైమాట. 1990లో దానిని పడవ మీద చెరువులోకి తీసుకుపోతుండగా పడవ ఒరిగి బుద్ధుడు నీళ్ళలో మునిగాడు. ఆ తేదీ కూడా మార్చి 10 కావడం కేవలం కాకతాళీయం. రెండేళ్ళకు పైగా నీటి అడుగున వుండి, 1992 డిసెంబరు 1న పీఠమెక్కాడు. మునిగినప్పుడు చనిపోయిన శ్రామికుల అంకె ఒకచోట యెనిమిది అని, మరొకచోట పది అని కనిపిస్తుంది. రాయి తూకం తెలుసు, యెత్తు తెలుసు, నిలిపిన తేదీ తెలుసు. పోయిన ప్రాణాల లెక్క మాత్రం యిద్దరి దగ్గర రెండు రకాలు! శ్రామికుల పేర్ల మాట యిక అడగనే అక్కరలేదు.

యిది యీనాటి అలవాటు కాదని మనలో చాలామంది అంటారు. ప్రాచీన భారత శిల్పి వినయశీలి, తన పేరు చెప్పుకోడు అని ఒక మధురమైన కథ అల్లిపెట్టారు మన కళావిమర్శకులు. వినయమూ కాదు, వైరాగ్యమూ కాదు. శాసనం చెక్కించే డబ్బు యెవరిదో, శాసనంలో పేరు వారిది. పాలంపేట గుడి సంగతే తీసుకోండి. 1213 నాటి శాసనం దానిని కట్టించిన సేనాని రేచర్ల రుద్రుణ్ణి కీర్తిస్తుంది. జనం మాత్రం ఆ గుడిని రుద్రుడి గుడి అనలేదు, రామప్ప గుడి అన్నారు. రామప్ప చెక్కిన శిల్పి అని జనం నమ్మకం. లోపలి దేవుడు రామలింగేశ్వరుడు కాబట్టి ఆ పేరు అలా వచ్చిందని చరిత్రకారులు అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పారు కూడా. అభ్యంతరం సరైనదే కావచ్చు. అయినా యేడువందల యేళ్ళకు పైగా యెండకూ వానకూ నిలిచిన శాసనంలోని సేనానిని పక్కనబెట్టి, జనం ఆ గుడికి పనివాడి పేరు కోరుకున్నారు, చూశారా, దానికి యే శాసనాధారమూ అక్కరలేదు.

మరొక ఉదాహరణ అంతకంటే పాతది. అమరావతి స్తూపానికి రాళ్ళు యిచ్చినవారి పేర్లు ఆ రాళ్ళ మీదే ప్రాకృతంలో చెక్కి వున్నాయి. రాజులవే కాదు, గృహస్థులవి, భిక్షుణులవి, చేతిపనివారివి. పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడు అనే చర్మకారుడు తన తల్లి, భార్య, తోబుట్టువులు, బిడ్డలతో కలిసి దానమిచ్చినట్టు రాసి వున్నది. తోలు పని చేసేవాడు తన కుటుంబంతో సహా రాతి మీద నిలిచాడు, సుమారు పద్ధెనిమిది వందల యేళ్ళ కిందట.

యిదంతా యెందుకు తవ్వుతున్నానంటే, మా విద్యార్థిని పట్టికలో ఒక విగ్రహం దగ్గర నాకు అమరావతి గుర్తుకు వచ్చింది. మా పట్టణం చివర దళితవాడలో అంబేద్కర్ విగ్రహం వున్నది. పార్లమెంటు ఆవరణలో 1967 ఏప్రిల్ 2న ఆవిష్కరించిన, వాఘ్ చేసిన విగ్రహం పోలికే: చేతిలో రాజ్యాంగం, ముందుకు చాచిన వేలు. ఆంధ్ర పల్లెల్లో యీ విగ్రహాలు యెప్పుడు పెరిగాయో చరిత్ర విద్యార్థులకు చెప్పనక్కరలేదు. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తుటి తరువాత వాడ వాడలో అంబేద్కర్ లేచి నిలబడ్డాడు. అది అలంకారం కాదు. మా గడప దాకా వస్తే యిక వూరుకోమన్న మాట. మా పట్టణం విగ్రహం కింద నల్లరాయి మీద యే మంత్రి పేరూ లేదు. నలభై పైచిలుకు పేర్లున్నాయి. పక్కన చందా మొత్తాలున్నాయి: 500, 116, 50. ఒక పేరు పక్కన రూపాయలకు బదులు "యిసుక, ఒక బండి" అని రాసి వున్నది. విధికుడి మనుమలు మళ్ళీ రాయి యెక్కారు.

ఆమె ఆ ఫలకాన్ని పూర్తిగా, అక్షరం పోకుండా ఫోటో తీసింది. వ్యాసంలో ఆ విగ్రహం గురించి నాలుగు వాక్యాలు రాసింది. వాడలోని ఒక పెద్దాయన చెప్పగా, దాన్ని చేసిన పనివాడి పేరు కూడా చేర్చింది. రెండు రోజులకు యెవరో సంపాదకుడు ఆ వాక్యం తీసేశాడు. కారణం: ఆధారం లేదు. నోటిమాట ఆధారం కాదు, అచ్చులో చూపించాలి.

ఆమెకు కోపం వచ్చింది. నాకు మొదట వచ్చింది, తరువాత కొంత తగ్గింది. ఆ నియమం దుర్మార్గం కాదు. అది లేకపోతే ప్రతి కులసంఘమూ తన మూలపురుషుణ్ణి చక్రవర్తిని చేస్తుంది, ప్రతి శాసనసభ్యుడి అనుచరుడూ తన నాయకుణ్ణి స్వాతంత్ర్య యోధుణ్ణి చేస్తాడు. కాని నియమం మంచిదయినంత మాత్రాన దాని ఫలితం అందరికీ సమానం కాదు. ఆవిష్కర్త పేరు ఫలకం మీద వుంటుంది, మర్నాడు పత్రికలో వుంటుంది, కాబట్టి విజ్ఞాన సర్వస్వంలోనూ వుంటుంది. పనివాడి పేరు మనుషుల నోళ్ళలో తప్ప యెక్కడా లేదు, కాబట్టి యెక్కడా వుండదు. అచ్చు యెవరి చేతిలో వున్నదన్న పాత ప్రశ్నే యిది. మనవాళ్ళ గురించి కూడా ఒక్క మాట: మన అమరవీరుల స్తూపాలలో అమరుడి పేరుకంటే ఆవిష్కరించిన నాయకుడి పేరు పెద్ద అక్షరాలలో వున్నవి నేను చూశాను. స్తూపం కట్టిన మేస్త్రీ పేరు వున్న స్తూపం నేను చూడలేదు. హైదరాబాదు గన్‌పార్కులో 1969 ఉద్యమ అమరుల స్తూపాన్ని మలిచింది ఎక్కా యాదగిరిరావు అని మనకు తెలిసిందంటే, ఆయన లలితకళలు చదివి, ఆ చదువు చెప్పినవాడు కాబట్టి. చదువు లేని మేస్త్రీకి ఆ పాటి అదృష్టం లేదు.

అప్పుడు ఆ పనివాణ్ణే వెతుక్కుంటూ వెళ్ళాం. దొరికాడు. డెబ్భై దాటినవాడు, పక్క పట్టణంలో కొడుకు యింట్లో వుంటున్నాడు. చిన్నతనంలో తెనాలి వైపు ఒక విగ్రహాల పనిలో చేరి నేర్చుకున్నాడట. యినుప కడ్డీల చట్రం కట్టడం, దానిమీద బంకమట్టితో బొమ్మ చేయడం, ప్లాస్టరుతో అచ్చు తీయడం, అచ్చులో సిమెంటో, ఫైబరో, డబ్బు వుంటే కంచో పోయడం, అన్నీ వివరంగా చెప్పాడు. అన్నిటికంటే కష్టం కళ్ళద్దాలట. గాంధీకీ, అంబేద్కర్‌కూ అద్దాలు పెట్టాలి, అద్దాల వెనక చూపు పోకూడదు. వాడలోని అంబేద్కర్‌నే కాక, బస్టాండు దగ్గరి నాయకుణ్ణి కూడా తానే చేశానన్నాడు. దానికి బిల్లు కాంట్రాక్టరు పేరు మీద అయింది, తనకు రోజుకూలి వచ్చింది. అంబేద్కర్‌కు మాత్రం వాడవాళ్ళు భోజనం పెట్టి, కొత్త పంచె పెట్టారట. "పేరు కూడా రాస్తామన్నారు బాబూ, నేనే వద్దన్నాను. అది చందాలిచ్చినోళ్ళ రాయి" అన్నాడు.

మేము చెప్పినదంతా విని, మా అమ్మాయి ముఖం చూసి నవ్వాడు. బస్టాండు విగ్రహానికి మాత్రం గుర్తు పెట్టానన్నాడు. కాళ్ళలో నుంచి పీఠంలోకి దిగే కడ్డీల దగ్గర, లోపలివైపు, తడి ఆరకముందే మేకుతో రెండక్షరాలు గీశాడట. పైకి కనబడవు. "దింపితే కనబడతై" అన్నాడు.

ఆయన చెప్పినదంతా రాసి యీ సంవత్సరం మా కళాశాల సంచికలో అచ్చు వేశాం. అది ఆధారంగా చెల్లుతుందా లేదా అని చర్చ నడుస్తున్నది. సోడాబండి ముసలాయన అనుమానం మాత్రం నిజమైంది: బస్టాండు దగ్గర రోడ్డు వెడల్పు చేయడానికి ముగ్గుతో గీతలు గీశారు, విగ్రహాన్ని అవతలికి మారుస్తారట. మా విద్యార్థిని రోజూ కళాశాలకు ఆ దారినే వస్తూ, క్రేన్ యెప్పుడు వస్తుందని కూలీలను అడుగుతున్నది. కెమెరా సంచీలోనే వుంటున్నది.