బేస్ గిటారుకు ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్: కొనేముందు చూసుకోవలసినవి

కువైట్‌లో మన పిల్లలు కీబోర్డు, గిటారు నేర్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఈమధ్య బేస్ గిటారు పట్టుకునే పిల్లలు కూడా పెరుగుతున్నారు. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో పాటల బృందానికి బేస్ కావాలి. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో రకరకాల భాషలవారి ఆరాధనలు జరుగుతాయి, అక్కడి పాటల బృందాలకూ బేస్ కావాలి. వాయిద్యం కొనేటప్పుడు అందరం నలుగురిని అడుగుతాం. తీగలు మార్చే సమయం వచ్చేసరికి అడగడానికి ఎవరూ దొరకరు. "రౌండా, ఫ్లాటా?" అని షాపువాళ్ళు అడిగితే అమ్మానాన్నలం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. బేస్ మొదలుపెట్టి మూడేళ్ళయింది. నేను వాయించను. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన అలవాటుకొద్దీ తీగల సంగతి కూర్చుని అర్థం చేసుకున్నాను. తోటి తల్లిదండ్రులకు పనికొస్తుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ఫ్లాట్‌వౌండ్ అంటే ఏమిటి?

బేస్ గిటారు తీగ మధ్యలో ఉక్కు తీగ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ మరో తీగను దగ్గర దగ్గరగా చుడతారు. చుట్టే తీగ గుండ్రంగా ఉంటే అది రౌండ్‌వౌండ్. గోటితో గీరితే గరగరమంటుంది. పైచుట్టు రిబ్బనులా చదునుగా ఉంటే అది ఫ్లాట్‌వౌండ్. వేలు పెడితే నున్నగా జారిపోతుంది. వయొలిన్ తీగల పైచుట్టు కూడా సాధారణంగా ఇలా చదునుగానే ఉంటుంది.

ఈ రెండింటి మధ్య మరో రెండు రకాలున్నాయి. గుండ్రటి తీగనే చుట్టి, పైభాగాన్ని అరగదీసి నున్నగా చేసేవి హాఫ్‌వౌండ్ లేదా గ్రౌండ్‌వౌండ్. లోహపు చుట్టు మీద నైలాన్ పట్టీ చుట్టేవి టేప్‌వౌండ్. టేప్‌వౌండ్ లోపల ఉక్కే ఉంటుంది కాబట్టి ఎలక్ట్రిక్ బేస్ పికప్ దాని చప్పుడును మామూలుగానే అందుకుంటుంది.

ధ్వనిలో తేడా

రౌండ్‌వౌండ్ కొత్తలో ఖంగుమని మోగుతుంది. పై స్వరాంశాలు ఎక్కువ, మోత ఎక్కువసేపు నిలుస్తుంది. వేలు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు జరిగినప్పుడు జర్రుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఫ్లాట్‌వౌండ్ ధ్వని గుండ్రంగా, మెత్తగా, మృదంగం ఎడమవైపు మోతలా ఉంటుంది. వేళ్ళ చప్పుడు దాదాపు ఉండదు, మోత త్వరగా తగ్గిపోతుంది.

1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడు దానికి వేసినవి ఫ్లాట్‌వౌండ్ తీగలే. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ లా బెల్లా కంపెనీ బరువైన ఫ్లాట్‌వౌండ్లు వేసుకుని, వాటిని మార్చకుండానే ఏళ్ళ తరబడి వాయించాడు. 1960లలో ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ కంపెనీ రౌండ్‌వౌండ్లు, ద హూ బృందంలోని జాన్ ఎంట్విజిల్ వాయింపు పేరు తెచ్చుకున్నాక రాక్ సంగీతం అటు మళ్ళింది. ఇప్పుడు షాపులో కొనే కొత్త బేస్ గిటార్లలో ఎక్కువ వాటికి రౌండ్‌వౌండ్లే వేసి వస్తాయి.

మీ పిల్లలు ఏం వాయిస్తారన్నది మొదటి ప్రశ్న. పాత సినిమా పాటలు, మెలొడీలు, భక్తి గీతాలు, జాజ్ అయితే ఫ్లాట్‌వౌండ్ బాగా కుదురుతుంది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్, హెవీ మెటల్ నేర్చుకుంటుంటే రౌండ్‌వౌండ్లే ఉంచండి. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు మంచి హెడ్‌ఫోన్‌లో పెట్టి, గొంతును వదిలేసి కింద నడిచే బేస్‌ను మాత్రమే వినమని పిల్లలకు చెప్పండి. ఇళయరాజా పాటల్లో బేస్ తనకంటూ ఒక వరస పాడుతుంది. అలాంటి వాయింపు వాళ్ళకు కావాలా, కొట్టినట్టు ఖంగుమనే మోత కావాలా అన్నది వాళ్ళే చెప్పగలరు.

డబ్బు పెట్టకుండా ఒక పరీక్ష

కొనేముందు ఇంట్లోనే చేసి చూడవచ్చు. గిటారు మీది టోన్ నాబ్ బాగా తగ్గించండి. వంటింట్లో వాడే కొత్త స్పాంజి సన్నటి ముక్క కోసి బ్రిడ్జి దగ్గర తీగల కింద తేలిగ్గా తాకేలా పెట్టండి. పాత ఫెండర్ బేస్‌లలో బ్రిడ్జి మూత కింద ఇలాంటి ఫోమ్ ముక్కే ఉండేది. వచ్చే ధ్వని అచ్చంగా ఫ్లాట్‌వౌండ్ ధ్వని కాకపోయినా దాని దారిలోనే ఉంటుంది. ఒక వారం అలా వాయించాక కూడా నచ్చితే అప్పుడు కొనవచ్చు.

సోనోమీటర్ లెక్క

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సోనోమీటర్ ప్రయోగం చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తీగ పౌనఃపున్యం మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, ఒక మీటరు తీగ బరువు. నాలుగు తీగల బేస్‌ను మామూలుగా శ్రుతి చేస్తే ఇ తీగ 41.2 హెర్ట్జ్, ఎ తీగ 55, డి తీగ 73.4, జి తీగ 98 హెర్ట్జ్. పొడవు, శ్రుతి మారవు కాబట్టి తీగ ఎంత బరువైతే అంత ఎక్కువ బిగించాలి.

గుండ్రటి చుట్ల మధ్య ఖాళీలుంటాయి, చదును చుట్ల మధ్య దాదాపు ఉండవు. అందుకే అదే మందం ఉన్న ఫ్లాట్‌వౌండ్‌లో తరచుగా లోహం ఎక్కువగా ఉండి, బిగువు కూడా ఎక్కువవుతుంది. అన్ని కంపెనీలకూ ఇదే వర్తించదు, లోపలి ఉక్కు తీగ మందాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ప్యాకెట్ మీద 45–100 అనే మందం అంకె ఒక్కటే చూసి కొనవద్దు. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, 100 అంటే 2.54 మిల్లీమీటర్లు. ప్యాకెట్ మీదో కంపెనీ పట్టికలోనో బిగువు ఎంతో రాసి ఉంటుంది, దాన్ని చూడండి. నాలుగు తీగలూ కలిసి గిటారు మెడను లాగే బలం సుమారు 65 నుంచి 90 కిలోల బరువుకు సమానం. మన లేత వేళ్ళ పిల్లలు నొక్కేది ఆ బిగువునే.

మా అబ్బాయి మొదటి ఏడాది వేళ్ళ చివర్లు మంటగా ఉన్నాయని రెండు వారాలు బేస్ ముట్టలేదు. మానేస్తాడేమో అనుకున్నాం. తక్కువ బిగువున్న ఫ్లాట్‌వౌండ్లు వేశాక మళ్ళీ కూర్చున్నాడు. ఇది తీగల మహిమే అనను, చర్మం గట్టిపడటానికి కూడా కొంత సమయం పడుతుంది. కానీ నేర్చుకునే పిల్లలకు "భారీ" సెట్టు వద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

కొనేముందు కొలవవలసినవి

పొడవు: నట్ నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటు వరకు టేపు పెట్టి కొలవండి. 34 అంగుళాలుంటే లాంగ్ స్కేల్, 32 మీడియం, 30 షార్ట్. షార్ట్ స్కేల్ బేస్‌కు షార్ట్ స్కేల్ సెట్టే కొనాలి. పొడవైన తీగ కొని కత్తిరిద్దాం అనుకుంటే, మందపాటి చదును చుట్టు ట్యూనర్ పోస్టు చుట్టూ వంగి విరిగే ప్రమాదం ఉంది. అదే తీగ 34 నుంచి 30 అంగుళాలకు వస్తే అదే శ్రుతికి బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. చిన్న పిల్లలకు షార్ట్ స్కేల్ సుఖంగా ఉండటానికి ఇదొక కారణం.

తీగల సంఖ్య: నాలుగా, ఐదా? తీగలు బ్రిడ్జిలోంచి వస్తాయా, గిటారు ఒంట్లోంచి దూరి వస్తాయా? ఒంట్లోంచి దూర్చే పద్ధతికి ఆ సెట్టు పనికొస్తుందో లేదో ప్యాకెట్ మీద చూడండి.

లోహం: స్టెయిన్‌లెస్ స్టీలువి కొంచెం ప్రకాశంగా, నికెల్‌వి కొంచెం వెచ్చగా వినిపిస్తాయి. చవక చెవి కమ్మలు, గడియారం బకిల్ తగిలితే దురద వచ్చే పిల్లలుంటే నికెల్ తీగలు వద్దు. మామూలు స్టెయిన్‌లెస్ రకాల్లో కూడా నికెల్ ఉంటుంది కానీ బయటికి వచ్చేది చాలా తక్కువ. బాగా ఇబ్బంది ఉంటే నైలాన్ టేప్‌వౌండ్ మేలు.

పేరున్న సెట్లు: డాడారియో క్రోమ్స్ ఫ్లాట్‌వౌండ్లలో కాస్త ప్రకాశంగా ఉంటాయి, రౌండ్ నుంచి మారేవారికి తేలిక. లా బెల్లా డీప్ టాకిన్ బేస్ పాతకాలపు లోతైన ధ్వనికి పేరు. వియన్నా కంపెనీ థామస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్ నికెల్‌వి, బిగువు తక్కువ, ధర ఎక్కువ. రోటోసౌండ్ జాజ్ బేస్ 77 మోనెల్ లోహంతో చేసినవి.

తీగలు వేసేటప్పుడు

ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కటే వేయండి. అన్నీ ఒకేసారి తీస్తే మెడ మీది బలం ఒక్కసారిగా పోతుంది. ఫ్లాట్‌వౌండ్‌ను నేరుగా కత్తిరించకూడదు. ముందు పోస్టు దగ్గర నిలువుగా మడత పెట్టి, మడతకు అవతల కత్తిరించాలి. లేకపోతే చుట్టు విడిపోయి తీగ పాడవుతుంది.

శ్రుతి చేసి ఒక రోజు వదిలేయండి. తర్వాత మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒంటిని కలిసే చోట తీగను నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే మందపాటి విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే చాలు. మరీ ఎక్కువైతే ట్రస్ రాడ్ సరిచేయాలి. ఒకసారికి పావు తిప్పు మించవద్దు. చేయి తిరగకపోతే తెలిసినవారికి ఇవ్వండి. కొత్త తీగ నట్ గాడిలో పట్టకపోతే ఇంట్లో ఆకురాయి పట్టవద్దు.

కువైట్ ఎండ, దుమ్ము, సెలవులు

రౌండ్‌వౌండ్ చుట్ల మధ్య గాళ్ళలో చెమట, చర్మపు పొట్టు, మన ఊరి సన్నటి దుమ్ము చేరతాయి. కొన్ని నెలల్లో మోత చచ్చిపోతుంది. ఫ్లాట్‌వౌండ్‌లో అవి చేరే చోటు తక్కువ. పైగా దాని ధ్వని మొదటినుంచీ మెత్తనే కాబట్టి ఏళ్ళు గడిచినా పెద్ద తేడా తెలియదు. వాయించాక పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. మూసిన కారు లోపల వేడి బయటికంటే ఎక్కువ. ప్రాక్టీసుకు వెళ్తూ లులూ దగ్గర పది నిమిషాలు ఆగినా గిటారును కారులో వదలకండి. వేసవి సెలవులకు ఊరెళ్తే ఏసీ ఆపేసిన ఫ్లాట్‌లో కలప వంగుతుంది. తీగలను ఒక స్వరం కిందికి దించి, గిటారును కేసులో పెట్టి, కిటికీకి దూరంగా లోపలి గదిలో ఉంచండి. పూర్తిగా విప్పేయనక్కర్లేదు.

ఖర్చు

విదేశీ ధరల్లో రౌండ్‌వౌండ్ సెట్టు సుమారు 20–30 డాలర్లు, ఫ్లాట్‌వౌండ్ 30 నుంచి 70 వరకు. దినారు మూడు డాలర్లకు పైనే కాబట్టి ఫ్లాట్‌వౌండ్ సెట్టు దాదాపు 10 నుంచి 23 దినార్లు. తెప్పించుకుంటే గల్ఫ్ దేశాల మామూలు 5 శాతం సుంకం, కొరియర్ ఖర్చు కలపండి. ఏడాదికి రెండుసార్లు రౌండ్‌వౌండ్లు మార్చే ఇంట్లో ఏడాది, రెండేళ్ళలో లెక్క సరిపోతుంది. సెలవుల్లో చెన్నై మీదుగా వెళ్ళేవారు అణ్ణాసాలైలోని మ్యూజీ మ్యూజికల్‌లో కూడా అడగవచ్చు. 1842 నుంచి ఉన్న సంస్థ అది.

పొరుగువారి సంగతి

ఫ్లాట్‌వౌండ్ వేస్తే పక్క ఫ్లాట్‌కు వినపడదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఫ్లాట్‌వౌండ్ తగ్గించేది పై స్వరాంశాలను, గోడలు దాటేది కింది స్వరాలు. ఇ తీగ అల పొడవు గాలిలో 8 మీటర్లకు పైనే, మన గోడలు దాన్ని ఆపలేవు. రాత్రి హారిస్ వచ్చి తలుపు కొట్టకముందే ఒక హెడ్‌ఫోన్ ఆంప్ కొనండి. ఆంప్‌ను నేల మీద కాకుండా మందపాటి ఫోమ్ మీద పెడితే కింది అంతస్తువారికి కొంత ఉపశమనం.

చివరిగా ఒక మాట. తీసిన పాత తీగలను పారేయకండి. చుట్టి, ఏ తీగ ఏదో కాగితం మీద రాసి, కొత్త ప్యాకెట్‌లోనే దాచండి. పిల్లల ఇష్టాలు ఆరు నెలలకోసారి మారతాయి. రేపు మీ అమ్మాయి స్లాప్ నేర్చుకుంటానంటే, రేపటి శుక్రవారం ప్రాక్టీసుకు తీగ తెగితే, ఆ పాత సెట్టే అక్కరకొస్తుంది.