విండో కొలత: డౌన్‌లోడ్ మందగమనానికి ఒక చరిత్ర

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణానికీ మధ్య సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, ఫైలును ముక్కలుగా మోసే ప్యాకెట్లు అందలేదనుకున్న ప్రతి కంప్యూటరూ వాటిని మళ్లీ మళ్లీ పంపి, ఉన్న దారిని కూడా మూసివేసింది. వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ 1988లో వెలువరించిన పరిష్కారం, కొద్ది ప్యాకెట్లతో మొదలుపెట్టి, చేరినట్లు రసీదులు వచ్చిన కొద్దీ వేగం పెంచి, ప్యాకెట్ పోగానే తగ్గించే పద్ధతిని టీసీపీలో, అంటే ఫైళ్లను భద్రంగా చేరవేసే నియమావళిలో, స్థిరపరచింది.

అయితే 1981 నాటి టీసీపీ ప్రమాణంలోనే మరో పరిమితి దాగి ఉంది. రసీదు కోసం ఆగకుండా ఎంత సమాచారం పంపవచ్చో గ్రహీత కంప్యూటర్ తెలిపే పరిమాణాన్ని విండో అంటారు. దానికి కేటాయించిన చోటు 16 బిట్లే కాబట్టి అది 65,535 బైట్లు దాటేది కాదు. అమెరికాలోని సర్వర్ నుంచి హైదరాబాదుకు ప్యాకెట్ చేరి రసీదు తిరిగి వెళ్లడానికి పావు సెకను పడితే, లైను ఎంత పెద్దదైనా ఒక డౌన్‌లోడ్‌కు దక్కేది సెకనుకు సుమారు 2 మెగాబిట్లే. ఈ అడ్డంకిని తొలగించడానికి, విండో అంకెను నిర్ణీత గుణకంతో హెచ్చించి చదువుకునే స్కేలింగ్ విధానం 1992లో ప్రమాణంగా వచ్చింది.

2004లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్, తన 2.6.8 రూపంలో, ఈ గుణకాన్ని పెంచినప్పుడు కొన్ని వెబ్‌సైట్లు దాదాపు స్తంభించిపోయాయి. దారిలోని కొన్ని లోపభూయిష్టమైన రౌటర్లు గుణక సమాచారాన్ని సున్నాగా మార్చివేయడంతో, గ్రహీత తెలిపిన, 128 రెట్లుగా చదవవలసిన 500 అనే విండో అంకెను సర్వర్ ఉన్నదున్నట్లుగా తీసుకుని, 64,000 బైట్లకు బదులు 500 బైట్లే పంపి రసీదు కోసం ఎదురుచూసేది. నింద సహజంగానే కెర్నెల్‌ మీద పడింది. స్కేలింగ్‌ను ఆపివేస్తే పేజీలు తెరుచుకునేవి గానీ, పాత 65,535 బైట్ల గిరి మళ్లీ వచ్చిపడేది. రోగం కన్నా మందే ఎక్కువ కాలం బాధించగల చికిత్స అది.

ఇక వేగాన్ని పెంచి తగ్గించే పద్ధతి విషయానికి వస్తే, 2006లో 2.6.19 కెర్నెల్‌తో క్యూబిక్ అనే పద్ధతి లైనక్స్‌లో ప్రామాణికమైంది. అదీ ప్యాకెట్ నష్టాన్నే రద్దీకి గుర్తుగా భావిస్తుంది కనుక, రద్దీ లేకుండానే ప్యాకెట్లు పోయే దారుల్లో అనవసరంగా వెనక్కి తగ్గుతుంది. 2016లో గూగుల్ ఇంజనీర్లు ప్రవేశపెట్టిన బీబీఆర్, నష్టాన్ని ప్రధానంగా పట్టించుకోక, దారి మోయగల వేగాన్నీ రాకపోకల కాలాన్నీ కొలిచి నడుస్తుంది. దాదాపు అదే కాలంలో, కనెక్షన్ల స్థితిని చూపే, లైనక్స్‌లోని ఎస్‌ఎస్ ఆదేశం ఒక్కో కనెక్షన్ ఎంతసేపు గ్రహీత విండో వల్ల ఆగిందో, ఎంతసేపు సర్వర్ సొంత బఫర్, అంటే పంపవలసినది నిల్వ ఉంచే మెమరీ, చాలక ఆగిందో విడివిడిగా చూపడం మొదలుపెట్టింది.