మ్యూజియం తలుపు ఎవరి కోసం?

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి ఉంది. ఆ వీధిలో ఒక పాత రాతి భవనం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం దాన్ని మ్యూజియం కోసమనే కట్టించి 1683లో జనానికి తెరిచింది. మధ్యలో కొంతకాలం వేరే పనులకు వాడినా ఈనాటికీ అది మ్యూజియమే.

మ్యూజియం చరిత్ర అంటే మామూలుగా అందులోని వస్తువుల చరిత్ర చెబుతారు. నేను ఈ వ్యాసంలో ఆ తలుపు చరిత్ర చెప్పాలనుకుంటున్నాను. ఆ తలుపులోంచి ఎవరు లోపలికి పోయారు? ఊరకే చూసి తిరిగి వచ్చారా, లేక తమకు తెలిసిన నాలుగు మాటలు అక్కడ చెప్పగలిగారా? దీనికి జవాబు వెతికితే మనలాంటి విద్యార్థులకు పనికొచ్చే సంగతి కూడా ఒకటి దొరుకుతుంది.

తోటమాలి ఇంట్లో మొదలైంది

జాన్ ట్రాడెస్కాంట్ అనే ఆయన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ దగ్గర తోటమాలిగా ఉండేవాడు. ఆయన కొడుకు పేరు కూడా జాన్ ట్రాడెస్కాంటే. తండ్రి తర్వాత అదే ఉద్యోగం చేశాడు. ఇద్దరికీ కొత్త మొక్కలన్నా, వింత వస్తువులన్నా చాలా ఇష్టం. తండ్రి రష్యా దాకా పోయి వచ్చాడు. కొడుకు సముద్రం దాటి అమెరికాలోని వర్జీనియాకు పోయాడు. మొక్కలు, గవ్వలు, పక్షులు, నాణేలు, ఆయుధాలు ఇట్లా దొరికినవన్నీ లండన్ పక్కన లాంబెత్‌లోని తమ ఇంట్లో పోగు చేశారు. బైబిల్లోని నోవహు ఓడలో అన్ని ప్రాణులూ ఉన్నట్టు ఈ ఇంట్లో అన్నీ ఉన్నాయని జనం ఆ ఇంటికి ‘ఓడ’ అని పేరు పెట్టారు. డబ్బు తీసుకొని ఎవరికైనా చూపించేవాళ్లు. 1656లో ఆ వస్తువుల జాబితాను పుస్తకంగా అచ్చు వేయించారు. ఇంగ్లండులో ఒక మ్యూజియం వస్తువులకు అచ్చయిన మొదటి జాబితా అదే.

ఆ జాబితా తయారు చేయడంలో ఎలయాస్ ఆష్మోల్ అనే లాయరు సాయం చేశాడు. 1659లో కొడుకు ట్రాడెస్కాంట్ తన సేకరణను ఆష్మోల్‌కు రాసిచ్చాడు. 1662లో ఆయన చనిపోయాక ఆయన భార్య హెస్టర్ దీన్ని ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టుకు పోయింది. ఆష్మోలే గెలిచాడు. 1678లో హెస్టర్ తన ఇంటి తోటలోని కుంటలో మునిగి చనిపోయింది. ఆష్మోల్ ఆ వస్తువులన్నిటినీ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. వాటికి తగిన భవనం కట్టాలనేది ఆయన పెట్టిన షరతు. ఇద్దరు తోటమాలులు బతుకంతా పోగు చేశారు. మ్యూజియానికి పేరు మాత్రం ఆష్మోలియన్ అని పడింది.

ఆ భవనం పై అంతస్తులో వస్తువులు పెట్టారు. మధ్య అంతస్తులో పాఠాలు చెప్పేవాళ్లు. కింద నేలమాళిగలో రసాయన ప్రయోగశాల ఉండేది. రాబర్ట్ ప్లాట్ అనే ఆయన మొదటి క్యూరేటరు, రసాయన శాస్త్రానికి ప్రొఫెసరు కూడా ఆయనే. అంటే మొదటి రోజు నుంచే చూడడం, చదవడం, చేసి చూడడం మూడూ ఒకే చోట ఉన్నాయి.

సంతనాటి సందర్శకులు

ఆ కాలంలో యూరప్‌లో రాజులకూ, డబ్బున్నవాళ్లకూ ఇండ్లల్లో వింత వస్తువుల గదులు ఉండేవి. తెలిసినవాళ్లు, పెద్దమనుషులు మాత్రమే వాటిని చూడగలిగేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో అట్లా కాదు. రుసుము కడితే ఎవరైనా పోవచ్చు.

1710లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉఫెన్‌బాఖ్ అనే పండితుడు ఈ మ్యూజియం చూడ్డానికి వచ్చాడు. ఆ రోజు సంత. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లూ మగవాళ్లూ లోపల నిండిపోయారు. ఆయనకు సరిగా చూడ్డానికే వీలు కాలేదు. ఆరు పెన్నీలు ఇస్తే ఆడవాళ్లను కూడా రానిస్తున్నారని, వాళ్లు అటూ ఇటూ పరుగెత్తి అన్నీ పట్టుకొని చూస్తున్నారని, కాపలా ఆయన మాట కూడా వినడం లేదని తన యాత్రా పుస్తకంలో కోపంగా రాసుకున్నాడు.

ఆ పండితుడికి ఇది అల్లరిగా కనిపించింది. నాకు మాత్రం మ్యూజియం చరిత్రలో ఇది మంచి రోజు అనిపిస్తుంది. కూరగాయలో, కోళ్లో అమ్ముకోవడానికి వచ్చిన పల్లెటూరి ఆడవాళ్లు విశ్వవిద్యాలయం గడప దాటి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వస్తువులను చేత్తో పట్టుకొని చూశారు. ఆ కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడవాళ్లకు చదువే లేదు. అక్కడ ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1920లో. అంటే డిగ్రీలు ఇవ్వడానికి రెండు వందల ఏళ్ల ముందే ఆడవాళ్లు మ్యూజియంలోకి వచ్చేశారు!

అయితే ఉఫెన్‌బాఖ్ బాధలో కూడా కొంత నిజం ఉంది. వస్తువును కాపాడడం కూడా మ్యూజియం పనే గదా. ట్రాడెస్కాంట్ల సేకరణలో డోడో పక్షి ఒకటి ఉండేది. ఆ జాతి భూమి మీద ఎప్పుడో అంతరించింది. ఆ పక్షి దేహం పాడైపోతూ వచ్చి, 1755 తర్వాత తలా, ఒక కాలూ మాత్రమే మిగిలాయి. అందరూ తాకితే వస్తువు చెడుతుంది. ఎవరినీ తాకనివ్వకపోతే మనుషులు దూరమవుతారు. ఈ చిక్కు ఈనాటికీ పూర్తిగా తీరలేదు. అందుకే ఇప్పుడు చాలా మ్యూజియంలు తాకి చూడ్డానికని కొన్ని వస్తువులను వేరుగా ఉంచుతున్నాయి.

చేతులు మారిన భవనం

తర్వాతి కాలంలో వస్తువులు పెరిగాయి, చోటు చాలలేదు. 1860లో డోడో తల ప్రకృతి శాస్త్రానికి కట్టిన కొత్త మ్యూజియానికి పోయింది. 1894లో పురావస్తువులు బ్యూమాంట్ స్ట్రీట్‌లోని పెద్ద భవనానికి చేరాయి. ఆష్మోలియన్ అనే పేరు కూడా వాటితోనే పోయింది. పాత భవనంలో 1901 నుంచి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు పని జరిగింది. 1924లో లూయిస్ ఎవాన్స్ అనే ఆయన తాను సేకరించిన శాస్త్ర పరికరాలను విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. వాటితో అదే భవనం మళ్లీ మ్యూజియం అయింది. ఇప్పుడు దాన్ని సైన్సు చరిత్ర మ్యూజియం అంటారు. 1931లో ఐన్‌స్టీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసమిస్తూ సుద్దముక్కతో లెక్కలు రాసిన నల్లబల్ల కూడా అక్కడే ఉంది.

అక్కడి వస్తువుల్లో ముఖ్యమైనవి ఆస్ట్రోలేబులు. ఇవి ఇత్తడితో చేసిన గుండ్రటి పరికరాలు. వీటితో సూర్యుడి ఎత్తు, నక్షత్రాల ఎత్తు కొలిచి సమయం తెలుసుకునేవాళ్లు. ప్రపంచంలో వీటిని ఎక్కువగా సేకరించిన చోటు ఇదే అంటారు. వాటిలో చాలా వాటి మీద అరబిక్ అక్షరాలు చెక్కి ఉంటాయి. లాహోరులోని కంసాలులు చేసినవి కూడా ఉన్నాయి.

వలస వచ్చినవాళ్లు చెప్పిన పాఠం

2015లో సిరియా, ఇరాక్ యుద్ధాల వల్ల లక్షల మంది ఇల్లూ ఊరూ వదిలి యూరప్‌కు వచ్చారు. అప్పుడు జర్మనీలోని బెర్లిన్ మ్యూజియంలు ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. సిరియా, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లకే శిక్షణ ఇచ్చి, మ్యూజియం గైడ్లుగా పెట్టి, అరబిక్ భాషలో వివరించమన్నారు. దాని పేరు ముల్తకా. అరబిక్‌లో కలుసుకునే చోటు అని అర్థం.

కొన్నేళ్లకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని రెండు మ్యూజియంలు దీన్ని చూసి తమ దగ్గర కూడా ముల్తకా మొదలుపెట్టాయి. ఒకటి పిట్ రివర్స్ మ్యూజియం. రెండోది మనం చెప్పుకుంటున్న పాత భవనంలోని మ్యూజియమే. వలస వచ్చినవాళ్లు అక్కడ వాలంటీర్లుగా చేరి వస్తువులను పరిశీలించారు. సందర్శకులకు తిప్పి చూపించారు. కార్యక్రమాలు జరిపారు.

ఇది కేవలం దయతో చేసిన పని అనుకోకూడదు. మ్యూజియానికి కూడా లాభమే. ఒక బట్ట ఏ ఊరిది, ఏ సందర్భంలో కట్టుకుంటారు, ఒక వంట పాత్రను ఎట్లా పట్టుకుంటారు అనే సంగతులు చీటీ మీద రాసి ఉండవు. ఆ బట్ట కట్టుకున్న ఇంటి మనిషికి తెలుస్తాయి. 1710లో సంతకు వచ్చిన ఆడవాళ్లు ఆ వస్తువుల గురించి ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ల మీద పండితుడు రాసిన కోపం మాత్రమే మిగిలింది. ఇప్పుడు అదే భవనంలో బయటి నుంచి వచ్చిన మనిషి మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటున్నారు.

గాజు పెట్టెలో ఆళ్వారు

తలుపు తెరిస్తే కష్టమైన ప్రశ్నలు కూడా లోపలికి వస్తాయి. వాటిలో ఒకటి మన తమిళనాడు నుంచే వచ్చింది. ఆష్మోలియన్ మ్యూజియం 1967లో లండన్ వేలంలో తిరుమంగై ఆళ్వారు కంచు విగ్రహం కొన్నది. అది 16వ శతాబ్దానిది. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ దగ్గర 1957లో తీసిన ఫోటో ఒకటి ఉంది. ఆ ఫోటోలో అదే విగ్రహం కుంభకోణం దగ్గరి సౌందరరాజ పెరుమాళ్ కోయిల్‌లో ఉంది! ఒక పరిశోధకుడు చెప్పడంతో 2019లో ఈ విషయం బయటపడింది. మ్యూజియమే భారత హైకమిషన్‌కు తెలియజేసింది. 2024లో విశ్వవిద్యాలయ కౌన్సిల్ విగ్రహాన్ని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది.

మ్యూజియంలో అది ఒక కళాఖండం. కోయిల్‌లో అయితే అభిషేకం చేసి, పూలు పెట్టి, ఉత్సవానికి ఊరేగించే ఆళ్వారు. ఒక వస్తువు ఎవరికి ఏమవుతుందో వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

మన దగ్గర

మన దేశంలో విశ్వవిద్యాలయం ప్రజల కోసం పెట్టిన మొదటి మ్యూజియం కలకత్తా విశ్వవిద్యాలయంలోని అశుతోష్ మ్యూజియం. 1937లో మొదలైంది. అక్కడ రాతి శిల్పాలతోపాటు బెంగాల్ పల్లెల పటచిత్రాలు, మట్టి బొమ్మలు, కాంథాలు కూడా చేర్చారు. కాంథా అంటే పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. మన ఇండ్లల్లో అవ్వలు కుట్టే బొంతలాంటిదే. అవ్వ కుట్టిన బొంతకు విశ్వవిద్యాలయంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు.

మనకు దగ్గర్లో తంజావూరు సరస్వతీ మహల్ ఉంది. ఇది విశ్వవిద్యాలయానిది కాదు. కానీ 1918 నుంచి ప్రజల గ్రంథాలయంగా ఉంది, పక్కనే మ్యూజియం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం తెరిచిన మరుసటి ఏడాది, 1684లో, తంజావూరులో షాజీ మహారాజు గద్దెనెక్కాడు. ఇంటి భాష మరాఠీ, ఏలిన నేల తమిళం, అయినా ఆయన తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆయన కంటే ముందు నాయక రాజులు రఘునాథుడు, విజయరాఘవుడు, కవయిత్రి రంగాజమ్మ తెలుగులో రాశారు. ఆ తెలుగు తాళపత్రాలు అక్కడ ఉన్నాయి.

తమిళనాడులో తెలుగు మీడియంలో ఎందుకు చదువుతున్నావు, దాంతో ఏం పని అని బంధువులు, స్నేహితులు మనల్ని అడుగుతూనే ఉంటారు. దానికి ఈ వ్యాసంలో ఒక జవాబు దొరికిందనుకుంటున్నాను. ఆస్ట్రోలేబు మీది అరబిక్ అక్షరాలను సిరియా నుంచి వచ్చిన మనిషి చదివి చెప్పినట్టు, తంజావూరు తాటాకు మీది తెలుగును మనం చదివి చెప్పగలం. పాత లిపి కాబట్టి మొదట తడుముకుంటాం, అయ్యవార్లను అడిగి నేర్చుకుంటాం. మన తమిళ స్నేహితులకు తమిళంలోనే అర్థం చెప్పగలం, ఎందుకంటే మనకు రెండూ వచ్చు.

ఈసారి మన పాఠశాల నుంచి తంజావూరు విహారయాత్ర పెడితే ఒక చిన్న పని చేద్దాం. ఒక్కొక్క విద్యార్థి ఒక వస్తువునో, ఒక తాటాకునో ఎంచుకొని, దాని గురించి తెలుగులో ఐదు వాక్యాలు, తమిళంలో ఐదు వాక్యాలు రాసుకొని రావాలి. వాటిని ప్రార్థన సమయంలో అందరికీ చదివి వినిపిద్దాం.