కొయ్యయోడల చలనచిత్రములు

ఓడదొంగల చిత్రములనిన మన పెద్దలలో కొందరికి చులకన. కత్తులు, కేకలు, కొల్లసొమ్ము నింపిన పెట్టెలు తప్ప వానిలో నేమున్నదని అడుగుదురు. ఆ కాలపు చిత్రములలో ఓడయున్నదని మా సమాధానము. చెక్కతో కట్టి, త్రాళ్లు బిగించి, మనుష్యులెక్కి దిగిన ఓడ.

1926 నాటి మూకీచిత్రము ‘ది బ్లాక్ పైరేట్’లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ తెరచాపలో బాకు గ్రుచ్చి, దానిని చీల్చుకొనుచు క్రిందికి జారును. తెరచాపను ఏటవాలుగ గట్టి, కెమెరాను గూడ వంచి, వెనుకనుండి విమానపు పంకాతో గాలి కొట్టించిరని చెప్పుదురు. ఉపాయము తెలిసిన పిదప గూడ ఆ జారుట చూడ ముచ్చటయే.

1935లో మైకేల్ కర్టిజ్ తీసిన ‘కెప్టెన్ బ్లడ్’ వీనిలో మేటి. సబాటినీ 1922లో ప్రకటించిన నవల దీనికాధారము. 1685లో ఇంగ్లండున రాజుపై తిరుగబడి గాయపడిన వానికి చికిత్స చేసిన నేరమునకు ఒక వైద్యుని జమైకాలో బానిసగా విక్రయింతురు. స్పెయినువారు పట్టణముపై బడినపుడు అతడు తోడి బానిసలతో వారి ఓడనే వశపఱచుకొనును. యుద్ధఘట్టములలో కొన్ని చిన్న నమూనా ఓడలతో తీసినవి. కొన్ని 1924 నాటి మూకీ ‘ది సీ హాక్’ నుండి తెచ్చి అతికినవి. పొదుపు తెలిసిన సంసారమన్నమాట! 1940లో అదే పేరుతో కర్టిజ్ తీసిన వేఱొక చిత్రమునకు స్టూడియో లోపలనే నీరు నింపి నిలువెత్తు ఓడలు కట్టించిరి. ఆ వడ్రంగుల పేర్లు తెరపై కానరావు.

నిజమైన ఓడదొంగలు క్రూరులు. వారిని ధీరులుగ జూపుట ఈ చిత్రముల దోషమే. అయినను బానిసలు సంకెళ్లు త్రెంచుకొను ఘట్టము మాకు వట్టి వినోదముగ దోపదు. పందొమ్మిదవ శతాబ్దమున మనవారు గూడ కూలి ఒప్పందములపై ఓడలెక్కి మారిషస్ చెఱకుతోటలకు బోయిరి. యానాం చెంతనున్న కోరంగి పేరనే బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి.

ఆ వైద్యుని కథ ఛాయ 1965లో తమిళమున ‘ఆయిరత్తిల్ ఒరువన్’గ వెలసెను. దర్శకుడు బి.ఆర్. పంతులు, నాయకుడు ఎం.జి. రామచంద్రన్. సముద్రఘట్టములు కార్వార్ తీరమున దీసిరి. 2014లో దానిని బాగుచేసి మరల విడుదల చేయగా చెన్నపట్టణమున నూఱు దినములు దాటి ఆడెను. గణకయంత్రములతో సముద్రములనే సృష్టించు నేటి చిత్రములను మరిగిన పిల్లలు దానిని మెచ్చుట మాకు వింత గాదు. ఓడ ఊగినపుడు నటుని కాలు తడబడును. ఆ తడబాటును కన్ను గుర్తించును.

కోరంగిలో నొకప్పుడు ఇట్టి కొయ్యయోడలు కట్టెడివారు. 1839 నాటి తుపాను ఆ రేవును నాశనము చేసెను. మన సభ్యుల యిండ్లలో, ముఖ్యముగ యానాం కుటుంబములలో, ఓడపని చేసిన పూర్వులెవరైన నున్నచో వారు వాడిన పనిముట్ల పేర్లు, కలప పేర్లు పెద్దలనడిగి వ్రాసి, వచ్చు సంచికకు పంపుదురుగాక యని కోరుచున్నాము.