తెల్లకర్రకు తోడు ‘స్మార్ట్‌కేన్’: పరికరంతో పాటు శిక్షణ ఉంటేనే అంధులకు స్వతంత్ర నడక

మదనపల్లె: చూపులేని వ్యక్తి మరొకరి చేయి పట్టుకోకుండా బజారుకు వెళ్లి రావడానికి తెల్లకర్ర దశాబ్దాలుగా ఆధారంగా నిలుస్తున్నది. నేలమీది గుంతను, మెట్టును, రాయిని అది ముందుగానే తెలుపుతుంది. అయితే మోకాలికి పైన ఉన్న అడ్డంకి దానికి అందదు. ఈ కొరతను తీర్చేందుకు ఢిల్లీ ఐఐటీ రూపొందించిన ‘స్మార్ట్‌కేన్’ అనే పరికరం 2014లో వినియోగంలోకి వచ్చింది. పడమటి మండలాలలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాల వీధులకు ఇటువంటి పరికరం ఎంతో అవసరం. కాని పరికరం చేతికి ఇచ్చినంత మాత్రాన నడక రాదు. దానిని వాడే శిక్షణ, అడ్డంకులు లేని దారి కూడా తోడైనప్పుడే ప్రయోజనం నెరవేరుతుంది.

కర్రకు అందని ఎత్తు

మదనపల్లెలో టమోటా మార్కెట్టు ఉన్న నీరుగట్టువారిపల్లె వైపు సీజనులో లారీలు, మినీ వ్యాన్లు బారులు తీరుతాయి. తెరిచి ఉంచిన లారీ వెనుక తలుపు మనిషి రొమ్ము ఎత్తున ఉంటుంది. దాని కింద నేల ఖాళీగా ఉండడంతో తెల్లకర్ర కొన ఎటువంటి అడ్డూ లేకుండా సాగిపోతుంది. నడిచే వ్యక్తికి దెబ్బ తగిలిన తరువాతే విషయం తెలుస్తుంది. పుంగనూరు బజారు వీధులలో అంగళ్ల ముందుకు దించిన రేకుల పందిళ్లు, కుప్పంలో ఆటోల వెనుక పొడుచుకు వచ్చే సరుకులు, వాలుగా లాగి కట్టిన స్తంభాల ఆధారపు తీగలు, రోడ్డు మీదికి వంగిన చెట్ల కొమ్మలు కూడా ఇటువంటివే.

ఒకటి రెండుసార్లు ముఖానికి గాయమైతే అంధులు ఒంటరిగా బయటికి వెళ్లడానికి వెనుకాడతారు. ఇంటివారు కూడా పంపడానికి జంకుతారు. దానితో చదువు, కూలి, వ్యాపారం అన్నీ తోడు వచ్చే మనిషి తీరికపై ఆధారపడిపోతాయి.

తెల్లకర్ర వచ్చిన తీరు

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి చెందిన జేమ్స్ బిగ్స్ ప్రమాదంలో చూపు కోల్పోయారు. వాహనచోదకులకు తన ఉనికి తెలియాలని 1921లో తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నారు. అమెరికాలో లయన్స్ క్లబ్బులు 1930 నుంచి, ఫ్రాన్సులో గిల్లీ దెర్బెమాంట్ అనే మహిళ 1931 నుంచి తెల్లకర్రకు ప్రచారం కల్పించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకు అమెరికాలో రిచర్డ్ హూవర్ పొడవైన కర్రతో నడిచే పద్ధతిని నేర్పారు. అమెరికాలో 1964లో మొదలైన తెల్లకర్ర దినోత్సవాన్ని ఇప్పుడు అనేక దేశాలలో ఏటా అక్టోబరు 15న జరుపుతున్నారు.

విద్యార్థుల ప్రాజెక్టుతో మొదలు

ఢిల్లీ ఐఐటీలో 2005లో ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టుగా స్మార్ట్‌కేన్ పని ప్రారంభమైంది. ఆచార్యులు ఎం.బాలకృష్ణన్, పి.వి.ఎం.రావు మార్గదర్శకత్వంలో, రోహన్ పాల్ తదితర విద్యార్థుల కృషితో అది ముందుకు సాగింది. దృష్టిలోపం గలవారి కోసం పనిచేసే సాక్షమ్ ట్రస్టు వాడకందారులను ఈ పనిలో భాగస్వాములను చేసింది. బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టు ఆర్థిక సాయం అందించింది. చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ సంస్థ తయారీ బాధ్యత తీసుకున్నది.

ప్రయోగశాలలో మొదటి నమూనా నుంచి వాడకందారు చేతికి చేరడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. పట్టుకునే తీరు ఎలా ఉండాలి, బరువు ఎంత మించకూడదు, కింద పడినా పగలకుండా ఏం చేయాలి అనే అంశాలను అంధులు వాడి చెప్పిన అనుభవాలను బట్టి మార్చుకుంటూ వచ్చారు. విదేశీ పరికరాలు దీనికి అనేక రెట్లు ఖరీదు కాగా, విడుదల నాటికి స్మార్ట్‌కేన్ ధర సుమారు 3,000 రూపాయలు.

ఎలా పనిచేస్తుంది?

మామూలు మడత తెల్లకర్ర పైభాగాన పిడిలా అమర్చే పరికరం ఇది. అవసరం లేనప్పుడు విడదీయవచ్చు. మనిషి చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను ఇది ముందుకు పంపుతుంది. అవి అడ్డంకికి తగిలి వెనుకకు వస్తాయి. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. చీకటిలో గబ్బిలం దారి తెలుసుకునే పద్ధతి కూడా ఇదే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పయనిస్తుంది. మూడు మీటర్ల దూరంలోని వస్తువును తాకి తిరిగి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

దూరం తెలియజేయడానికి పిడి కంపిస్తుంది. అడ్డంకి దగ్గరయ్యే కొద్దీ కంపించే తీరు మారుతుంది. శబ్దానికి బదులు కంపనాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అంధులకు రోడ్డు మీద చెవులే కళ్లు. వాహనాల రాకపోకలు, మనుషుల మాటలు, గోడ పక్కన మారే అడుగుల చప్పుడు అన్నీ వారికి దారి చూపే గుర్తులు. పరికరం బీప్‌మని మోగుతూ ఉంటే ఆ గుర్తులు మరుగున పడతాయి.

ఆరుబయట మూడు మీటర్ల దూరం వరకు, ఇంటిలోను రద్దీలోను 1.8 మీటర్ల వరకు అడ్డంకులను పసిగట్టేలా రెండు అమరికలు ఉన్నాయి. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే వ్యక్తికి మూడు మీటర్లంటే మూడు సెకన్ల ముందస్తు హెచ్చరిక. ఆగడానికి, పక్కకు తప్పుకోవడానికి అది చాలు. బ్యాటరీని సెల్‌ఫోను వలె ఛార్జి చేసుకోవచ్చు.

పరిమితులూ ఉన్నాయి

ఈ పరికరం గుంతలను, కాలువలను గుర్తించదు. ఆ పని కర్ర కొనదే. కనుక స్మార్ట్‌కేన్ తెల్లకర్రకు అదనపు బలమే తప్ప బదులు కాదు. సన్నని తీగల నుంచి ప్రతిధ్వని తక్కువగా వస్తుంది. మెత్తని బట్ట ధ్వనిని పీల్చుకుంటుంది. వాలుగా ఉన్న నునుపైన తలం దానిని మరోవైపు మళ్లిస్తుంది. సంతలో, బస్టాండులో జనం మధ్య పిడి ఎడతెగకుండా కంపించవచ్చు. ఏ సందర్భంలో ఏ అమరిక వాడాలో తెలియకపోతే వాడకందారు విసిగి పరికరాన్ని మూలన పెట్టే ప్రమాదం ఉంది.

శిక్షణే కీలకం

కర్రతో నడవడం సాధనతో వచ్చే విద్య. కర్ర పొడవు నిలుచున్న వ్యక్తి రొమ్ము ఎముక దిగువ వరకు ఉండాలన్నది సాధారణంగా పాటించే కొలత. కొనను భుజాల వెడల్పుకు కొంచెం మించి అటూ ఇటూ విల్లులా కదపాలి. ఎడమ కాలు ముందుకు వేసేటప్పుడు కొన కుడివైపు నేలను తాకాలి. కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు తాకాలి. అప్పుడే తరువాతి అడుగు పడే చోటు ముందుగా తెలుస్తుంది. దీనితో పాటు మలుపులు లెక్కపెట్టుకోవడం, శబ్దాన్ని, వాసనను, ఎండ తగిలే దిక్కును బట్టి తానున్న చోటు గుర్తించడం, రోడ్డు దాటడం నేర్పుతారు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తిరిగి రానివారి కోసం పునరావాస సేవలు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ విభాగం ఉంది. పడమటి మండలాల నుంచి అంత దూరం వెళ్లి ఉండి నేర్చుకోవడం పేద కుటుంబాలకు భారమే. కర్రలు పంపిణీ చేసే శిబిరాలలోనే కొద్దిరోజుల నడక శిక్షణ కూడా ఏర్పాటు చేస్తే ఇచ్చిన పరికరం వృథా కాకుండా ఉంటుంది.

స్థానిక కళాశాలలకు పాఠం

దేశమంతటా ఇంజనీరింగు విద్యార్థులు చివరి సంవత్సరంలో తరచుగా ఎంచుకునే ప్రాజెక్టులలో ‘అంధుల కర్ర’ ఒకటి. మదనపల్లె సమీపాన అంగళ్లులో మిట్స్, కుప్పంలో ఇంజనీరింగు కళాశాల ఉన్నాయి. కొద్ది వందల రూపాయలకు దొరికే అతిధ్వని సెన్సరు, చిన్న సర్క్యూట్ బోర్డు, కంపన మోటారుతో నమూనా తయారు చేయడం కష్టం కాదు. ప్రదర్శన రోజున గదిలో అది పనిచేస్తుంది కూడా. వర్షంలో తడిసినప్పుడు, కర్ర నేలకు కొట్టుకున్నప్పుడు, జనం మధ్యకు వెళ్లినప్పుడు నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష. కర్రను ఊపుతూ నడుస్తారు కనుక సెన్సరు చూసే దిశ క్షణక్షణం మారుతుందని, పిడి బరువెక్కితే మణికట్టు నొప్పి పుడుతుందని వాడినవారే చెప్పగలరు. తమ ఊరి అంధులను మొదటి రోజు నుంచే సలహాదారులుగా కూర్చోబెట్టుకోవాలన్నది ఢిల్లీ అనుభవం చెప్పే పాఠం.

బస్సు ఎక్కడం మరో సమస్య

మూడు రాష్ట్రాల సరిహద్దున ఉన్న కుప్పంలో బస్సుల బోర్డులు తెలుగు, కన్నడ, తమిళ భాషలలో కనిపిస్తాయి. చూపులేనివారికి అవి ఏ భాషలో ఉన్నా ఒకటే. ఢిల్లీ ఐఐటీ బృందమే ఇందుకు ‘ఆన్‌బోర్డ్’ అనే మరో పరికరాన్ని రూపొందించి ఢిల్లీ, ముంబయి బస్సులలో పరీక్షించింది. ప్రయాణికుడు మీట నొక్కితే దగ్గరకు వచ్చిన బస్సు నంబరు వినిపిస్తుంది. కావలసిన బస్సును ఎంచుకుంటే దాని తలుపు దగ్గరి స్పీకరు మోగి దారి చూపుతుంది. స్మార్ట్‌ఫోన్లలో తెరమీది అక్షరాలను తెలుగులో చదివి వినిపించే సదుపాయం ఇప్పటికే ఉంది. కెమెరాతో ఎదుటి దృశ్యాన్ని వివరించే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. అయితే ఫోను చూపే మార్గంలో కొన్ని మీటర్ల తేడా సహజం. కాలి ముందున్న మురుగు కాలువ విషయంలో ఫోనును నమ్మరాదు.

దారి కూడా మారాలి

జపానులోని ఒకయామా నగరంలో 1967లో సెయిచి మియాకే రూపొందించిన ఉబ్బెత్తు పలకలను మొదటిసారి వేశారు. నేడు రైల్వే ప్లాట్‌ఫారాల అంచున కనిపించే పసుపు పలకలు వాటి నుంచి వచ్చినవే. గీతల పలక ముందుకు సాగమని, చుక్కల పలక ఆగి జాగ్రత్తపడమని పాదానికి చెబుతుంది. వాటి మీద బండ్లు నిలిపినా, సరుకు పేర్చినా ఆ భాష చెరిగిపోతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ప్రజలు వాడే భవనాలు, రవాణా దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని అది నిర్దేశిస్తున్నది.

ముందుగా కంటి పరీక్ష

కర్ర తీసుకునే ముందు చూపు తిరిగి వచ్చే అవకాశం ఉందేమో తెలుసుకోవాలి. 2015-19 జాతీయ సర్వే ప్రకారం 50 ఏళ్లు పైబడిన వారిలో అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలే. శస్త్రచికిత్సతో వీరిలో చాలామందికి చూపు వస్తుంది. కుప్పంలోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రిలో, తిరుపతిలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవచ్చు.

చూపు రాదని తేలినవారు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు పొందాలి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉండి, ఆదాయ పరిమితికి లోబడినవారు కేంద్ర ప్రభుత్వ ‘అడిప్’ పథకం కింద ఉపకరణాలకు అర్హులు. కాన్పూరులోని అలింకో సంస్థ ద్వారా నిర్వహించే శిబిరాలలో దృష్టిలోపం గలవారికి స్మార్ట్‌కేన్లు కూడా ఇస్తున్నారు. జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో దరఖాస్తు వివరాలు తెలుసుకోవచ్చు.

బాటసారులు గుర్తుంచుకోవలసినవి

* సాయం కావాలా అని ముందుగా నోటితో అడగాలి. చెప్పకుండా చేయి గాని కర్ర గాని పట్టి లాగరాదు.
* దారి చూపేటప్పుడు మోచేతి పైభాగాన్ని వారినే పట్టుకోనిచ్చి, అరడుగు ముందుగా నడవాలి.
* ‘అటు’, ‘ఇటు’ అనకుండా ‘మీ ఎడమవైపు పదడుగులు’ అని చెప్పాలి.
* తెల్లకర్ర కనిపిస్తే వాహనం ఆపి దారి ఇవ్వాలి. ఎడతెరపి లేకుండా హారన్ మోగిస్తే వారికి దిక్కు తెలియదు.
* లారీ నిలిపిన తరువాత వెనుక తలుపు మూసి ఉంచాలి. అంగడి ముందు పందిరిని మనిషి తలకు తగలని ఎత్తున కట్టాలి.